సుత్తి పట్టిన చెయ్యి

సుత్తిరాయుణ్ణి ఒక్క దెబ్బతో చంపడం ఎవరివల్లా కాదు. మొదటి దెబ్బకు వాడి టోపీ ఎగిరిపోతుంది, రెండో దెబ్బకు పళ్లు రాలుతాయి, మూడో దెబ్బకు మోకాళ్లు విరిగి కూలబడతాడు. అప్పటికీ సుత్తి ఝళిపిస్తూనే ఉంటాడు. రాలే పళ్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క తెల్ల గడి. ముప్పై ఏళ్ల కిందట గళ్ల కాగితం మీద పెన్సిలుతో ఆ గళ్లు నింపిన అక్క, ఇప్పుడు ప్రదర్శనశాల గోడకు నిలువెత్తున వేలాడదీసిన అదే బొమ్మ కింద, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది.

చుట్టూ కుర్రకారు. చొక్కాల మీద సుత్తిరాయుడు, టోపీల మీద సుత్తిరాయుడు, ఒకడి మెడ మీద పచ్చబొట్టై సుత్తిరాయుడు. వాళ్లలో సగంమంది పుట్టకముందే మూలపడిన వీడియో గేమ్ అది. ఈనాటి ఆటల్లో మనిషి ఒంటిమీది చెమటచుక్క కూడా కనబడుతుందట. అయినా వీళ్లకు ఆ ముతక గళ్లే ముద్దు. ఎందుకో అక్కకు తెలుసు. అంతా గీసి ఇచ్చిన ముఖం ఒక్కడిదే అవుతుంది. నాలుగు గళ్ల కన్ను, మూడు గళ్ల నోరు ఉన్న ముఖానికి ఎవరికి తెలిసిన దుర్మార్గుణ్ణి వారు తగిలించుకుంటారు. తగిలించుకుని కసితీరా చంపుతారు.

అక్క ఎవరినీ తగిలించనక్కరలేదు. అది ఆమె మరిది, చెల్లెలి మొగుడి ముఖం.

మరిదికి బల్లలూ కుర్చీలూ చేయించే కార్ఖానా ఉండేది. ఒకనాటి సాయంత్రం అతడు కొయ్య సుత్తితో భార్యను చెంప మీద కొట్టాడు. ఆమె కుడిచెవి మరి వినలేదు. దవడ వంకరగా అతుక్కుంది. ఎదురుగా నిలబడి ఎడమచేత్తో కొట్టిన దెబ్బ ఇదని వైద్యుడు కుటుంబ పెద్దల ముందు చెప్పాడు. మరిది చెక్కుచెదరలేదు. కాగితం తెప్పించుకుని కుడిచేత్తో సంతకం పెట్టి చూపించాడు.

"నాది కుడిచేతి వాటమండీ. అది మెట్ల మీంచి పడింది. ఎప్పుడూ పరధ్యానమే దానికి."

చిన్నప్పుడు బడిలో బెత్తంతో బాది కుడిచేత్తో రాయించారు గానీ, సుత్తి పట్టేది ఎడమచేత్తోనేనని అక్క మొత్తుకుంది. "తోడబుట్టినదానివి, అలాగే అంటావులే" అన్నారు పెద్దలు. కార్ఖానా పనివాళ్లు తలలు దించుకున్నారు. నేరం మెట్లమీదికి పోయింది. ఆనాటి నుంచి చెల్లెలు కోరింది ఒక్కటే: తాను పడలేదని, వాడు కొట్టాడని, వాడి నోట నలుగురూ వినాలి.

పుట్టింటికి చేరిన చెల్లెలూ అక్కా కలిసి ఒక చిన్న ఆటల కంపెనీలో పనికి కుదిరారు. అక్క బొమ్మలు, చెల్లెలు సంగీతం. ఆనాటి ఆటల యంత్రం ఒకేసారి మూడు స్వరాల కంటే ఎక్కువ పలకలేదు. చెల్లెలు వినబడే చెవిని స్పీకరుకు ఆనించి, సుత్తిరాయుడు వచ్చే ముందు మోగే కీచుబాణీ కట్టింది. అది మెట్లెక్కి వచ్చే వాడి చెప్పుల చప్పుడు. ఇవాళ కుర్రవాళ్ల ఫోన్లలో అదే మోగుతుంది.

అక్క వాణ్ణి ఎడమవైపుకు తిరిగి, ఎడమచేత సుత్తి ఎత్తినట్టు గీసింది. రెండోవైపు బొమ్మకు యంత్రంలో చోటు చాలలేదు. వాడు కుడివైపు తిరిగితే అదే బొమ్మను అద్దంలోలా తిప్పేసేవారు. సుత్తి కుడిచేతిలోకి మారిపోయేది. అక్క గీసిన సాక్ష్యం, వాడు ఇటు తిరగ్గానే అబద్ధమైపోయేది.

ప్రదర్శన నడిపే అమ్మాయి రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, మీకో సర్‌ప్రైజ్! సుత్తిరాయుడికి అసలు మనిషిని నేనేనని ఒకాయన ఫోన్ చేశారు. మీ బంధువేనట. స్టేజీ మీదికి పిలిచేశాం!"

అక్క లేచేసరికే ఆలస్యమైంది. వేదిక మీద ఆ బాణీ వాయించడానికి కీబోర్డు ముందు కూర్చున్న చెల్లెలి వేళ్లు గాలిలో ఆగిపోయాయి. జుట్టుకు రంగు వేసుకుని, భుజాన తన పాత కొయ్య సుత్తి మోపుకుని, మరిది ఈలల మధ్య నడిచి వచ్చాడు.

"నన్ను చూసే గీసింది మా వదిన! నేను లేకపోతే మీకు ఆటేదిరా, అల్లరి వెధవల్లారా!"

జనం పగలబడి నవ్వారు. ముందు వరసలో ఒకడు చెయ్యెత్తాడు. "సార్, మీరే తీర్పు చెప్పాలి. సుత్తిరాయుడిది ఏ చేతి వాటం? ఇటు తిరిగితే ఎడమ, అటు తిరిగితే కుడి. మా అన్నతో ఈ గొడవ మీద మాటల్లేవు నాకు."

"దీనికి గొడవెందుకురా పిచ్చోడా! పుట్టినప్పట్నించీ ఎడమే. ఈ చేత్తో ఒక్కటిచ్చానంటే టేకు దుంగైనా నోరు మూసుకోవాల్సిందే!"

అలంకారానికి పెట్టిన చెక్కపెట్టెను ఎడమచేత్తో ఒక్కటి మోదాడు. అది రెండుగా పగిలింది. పేడు ఎగిరి చెల్లెలి పాదాల దగ్గర పడింది.

"మరిదీ," అంది అక్క. బిగ్గరగా అనలేదు, అయినా హాలంతా విన్నది. "పెద్దల ముందు ఏ చెయ్యన్నావు?"

అతడి నవ్వు ఆగిపోయింది. సుత్తి తనంతట తానే అన్నట్టు కుడిచేతిలోకి మారింది. "చెయ్యి మారింది రోయ్! అచ్చం ఆటే!" అని జనం చప్పట్లు చరిచారు.

చెల్లెలు మైకు దగ్గరికి వంగింది. "నేను మెట్ల మీంచి పడ్డానా?"

"నోర్ముయ్యవే! ఇక్కడ కూడా మొదలెట్టావా?"

ఆమె కీబోర్డు నొక్కింది. చెప్పుల చప్పుడు హాలంతా మోగింది. ఒకసారి, మళ్లీ, మళ్లీ. అతడి మెడనరాలు ఉబ్బాయి. రెండంగల్లో ఆమె మీదికి వచ్చాడు. సుత్తి మళ్లీ ఎడమచేతికి చేరింది. ఆమె తల తప్పించింది. దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మైకులోంచి అందరి చెవుల్లోనూ పడింది. తెల్లటి మీటల మీద నెత్తురు చిమ్మింది. నవ్వులు తెగిపోయాయి.

వేదిక ఎక్కిన అక్క అతడి చేతిలోంచి సుత్తి లాక్కుని, ఆ ఎడమ మణికట్టు మీదే మోదింది. అతడు మోకాళ్ల మీద కూలబడ్డాడు, అచ్చం ఆమె గీసినట్టే. నోరు తెరిచి ఉంది, పళ్లు కనబడుతున్నాయి. అక్క సుత్తిని మళ్లీ తలకు మించి ఎత్తింది.

"ఆగక్కా!" నేలమీంచి చెల్లెలు అరిచింది. "చంపితే మళ్లీ లేస్తాడు. ఇన్నేళ్లుగా ఎంతమంది చంపలేదూ? వద్దు. ఈసారి బతికుండి ఒప్పుకోనీ."

అక్క సుత్తి మెల్లగా దించింది.

చెల్లెలు, చొక్కా మీద సుత్తిరాయుడున్న కుర్రవాడి వైపు తల తిప్పింది. "బాబూ, ఏ చేత్తో కొట్టాడు?"

వాడు తన చొక్కా బొమ్మను అరచేత్తో కప్పుకున్నాడు. "ఎడమచేత్తోనమ్మా. అందరం చూశాం."

ఆమె కళ్లు మూసుకుంది. ఎంతో బరువు దించుకున్నట్టు నిట్టూర్చింది.

పోలీసులు వచ్చి అతడి మణికట్టు ఎవరు విరిచారని అడిగారు. "నేనే," అంది అక్క. "కుడిచేత్తో. స్పష్టంగా రాసుకోండి." మరిది తన విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఇంతమంది చూశాక బుకాయించే దారిలేక, అవును, ఆనాడు కూడా తానే కొట్టానని, నలుగురూ వింటుండగా ఎవరివంకా చూడకుండా ఒప్పుకున్నాడు.

చెల్లెలి భుజం అతుక్కునే నాటికి ఆటను కొత్త యంత్రాలకు మళ్లీ తయారుచేసే పని మొదలైంది. కంపెనీ మేనేజరు బొమ్మలు చూసి బుర్ర గోక్కున్నాడు.

"రెండోవైపు విడిగా గీశారేంటండీ? అటు తిరిగినప్పుడు సుత్తి ఒంటి చాటున పడి సగమే కనిపిస్తోంది. అభిమానులు ఒప్పుకోరు. ఆ చెయ్యి మారడంలోనే ఉంది పాత అందమంతా."

"ఆ అందం నాకు తెలియదా? గీసింది నేనే." అక్క పెన్సిలు చెక్కుకుంటూ తలెత్తలేదు. "ఇప్పుడు యంత్రంలో చోటుంది. ఇక వాడు ఎటు తిరిగినా ఆ చెయ్యి మారదు."