ఏడు రోజుల పిప్పరమెంటు కోర్సు

ఆ ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్న ఫార్మసిస్టుని అందరూ లెక్కాయన అనేవారు. హెచ్‌ఐవి మందులు వాడేవాళ్ళు నెలనెలా వచ్చేటప్పుడు మిగిలిన మాత్రలతో సహా డబ్బా వెంట తెచ్చుకోవాలి. ఆయన దాన్ని బల్ల మీద బోర్లించి, ప్లాస్టిక్ గరిటెతో మాత్రల్ని రెండేసి చొప్పున పక్కకి తోస్తూ లెక్కపెట్టేవాడు. ఉండాల్సినదానికన్నా ఒక్కటి ఎక్కువున్నా సరే, "ఆ పూట ఏం చేశావు?" అని కిటికీ కన్నంలోంచి కేక వచ్చేది. వరండా చివర కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నవాళ్ళు కూడా తాము చేసిందేమిటా అని ఓసారి ఆలోచించుకునేవారు.

మర్చిపోయామంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. అన్నం తినడం మర్చిపోతున్నారా, మాత్ర ఎలా మర్చిపోతారు అన్నది ఆయన వాదన. ఆ వాదనకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. చెప్పాలంటే ఆ చిన్న కన్నంలోకి వంగి చెప్పాలి, వెనక క్యూలో ముప్ఫై మంది ఉంటారు.

ఇలా ఉండగా పైనుంచి ఆర్డరొచ్చింది. హెచ్‌ఐవి విభాగంలో డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ల్యాబు మనిషి ఇకమీదట ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని కూర్చోకుండా ఒక జట్టుగా పనిచెయ్యాలట. అందుకోసం నలుగురికీ కలిపి సోమవారం నుంచి మళ్ళీ సోమవారం దాకా శిక్షణ. మధ్యాహ్నం పేషెంట్లు వెళ్ళిపోయాక, విరిగిన మంచాలు దాచే గదిని ఊడిపించి, అందులో జరిపారు.

శిక్షణ ఇవ్వడానికొచ్చిన ఆవిడ మొదటిరోజే అందరి పనులూ తారుమారు చేసింది. డాక్టరమ్మ మందులివ్వాలి. ఆ పిల్ల చదువులో దిట్టే గానీ, నొక్కి తిప్పాల్సిన డబ్బా మూత పావుగంటకీ రాలేదు. పైగా చీటీ మీద ఏం రాసుందో తెలియక పెద్ద నర్సమ్మని అడిగింది. చీటీ రాసింది తనే. ల్యాబాయన పేషెంటుతో మాట్లాడాలి. ఇన్నేళ్ళూ మనుషుల్ని గాజు గొట్టాల్లోనే చూసినవాడు, పేషెంటుగా నటిస్తున్న నర్సమ్మని "కూర్చోండి" అన్నాడు. అయిదు నిమిషాలు గోడకేసి చూశాడు. చివరికి "పరగడుపునే వచ్చారా?" అని అడిగి హమ్మయ్య అనుకున్నాడు. లెక్కాయనకి రబ్బరు చెయ్యి ఇచ్చి రక్తం తీయమన్నారు. నాలుగు పోట్లకి అందులోని ఎర్రనీళ్ళు ఆయన చొక్కా మీదికొచ్చాయి గానీ గొట్టంలోకి రాలేదు. ఆ రోజు ముగ్గురి పరువూ సమానంగా పోవడంతో జట్టు కాస్త కుదిరింది.

తర్వాత అసలు పరీక్ష. ఆవిడ తలా ఒక డబ్బా ఇచ్చింది. ఒక్కోదాంట్లో ఇరవై తెల్ల పిప్పరమెంట్లు. ఆ సాయంత్రం మొదలుపెట్టి ఏడు రోజులు, పొద్దున ఎనిమిదికొకటి, సాయంత్రం ఎనిమిదికొకటి వేసుకోవాలి. వచ్చే సోమవారం పొద్దుటిదాంతో పధ్నాలుగు అయిపోయి, ఆరు మిగలాలి. ఇంట్లో ఎవరికీ తెలియకూడదు, అడిగినా చెప్పకూడదు. లెక్కాయన డబ్బాని జేబులో వేసుకుంటూ, పిప్పరమెంట్లు చప్పరించడానికి శిక్షణ దేనికని నర్సమ్మతో అన్నాడు.

చివరి రోజు నలుగురూ కలిసి ఒక ఫైలు మీద నిర్ణయం చెయ్యాలని కూడా ఆవిడ చెప్పింది. అది బట్టలు కుట్టే ఒకావిడ ఫైలు. ఎనిమిది నెలలుగా మందు వాడుతోంది, అయినా రక్తంలో వైరస్ తగ్గకపోగా పెరుగుతోంది. మందు సరిగ్గా వేసుకుంటున్నా పెరుగుతోందంటే ఆ మందు పనిచెయ్యడం లేదన్నమాట, మార్చాలి. మార్చే మందు బరువైనది, రెండింతలు మాత్రలు. అదీ పనిచెయ్యకపోతే ఆ ఆస్పత్రిలో ఇంకో మందు లేదు. వేసుకుంటోందా అన్నదే ప్రశ్న. లెక్కాయన తన పుస్తకం తెరిచి చూపించాడు. ఎనిమిది నెలల్లో ఒక్క మాత్ర తేడా లేదు. ఆవిణ్ణి చూసి నేర్చుకోండని ఆయన క్యూలో వాళ్ళకి రోజూ చెప్పేవాడట. "నా లెక్క తప్పదు మేడం," అన్నాడు. డాక్టరమ్మ తల ఊపింది.

సోమవారం సాయంత్రం ఎనిమిదికి ఆయన స్నానాల గదిలో దూరి పిప్పరమెంటు చప్పరించి బయటికొచ్చాడు. భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట ఆయన సిగరెట్లు మానేశానని ఒట్టేసి, మరో రెండు నెలలు దొంగచాటుగా కాల్చినప్పుడు, ఇంట్లోకి రాబోయే ముందు నోట్లో వేసుకున్నది సరిగ్గా ఇదే. ఆ వాసన ఆవిడ మర్చిపోతుందా?

"మళ్ళీ మొదలెట్టారా?" అంది.

"ఏం మొదలెట్టాను?" అన్నాడు. చెప్పేస్తే పోయేది. చెప్పకూడదన్నారు కదా.

ఆవిడ అరిచినా బావుండేది. మంగళవారం సాయంత్రం ఏడున్నరకే స్నానాల గది ఎదురుగా కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తూ కూర్చుంది. కిలో బఠాణీలు తొమ్మిదింటికి గానీ అవలేదు. ఆ పూటది పోయింది. బుధవారం డబ్బా గలగలలాడకుండా దూది కుక్కి పాత బూటులో దాచాడు. మర్నాడు పొద్దున కొత్త బూట్లేసుకుని బస్సెక్కాడు. గురువారం సాయంత్రం భార్య తన తమ్ముణ్ణి పిలిపించింది. బావమరిది వచ్చి ఊపిరితిత్తుల గురించి రెండు గంటలు మాట్లాడాడు. ఫార్మసిస్టుకి ఊపిరితిత్తుల గురించి చెప్పడానికి వాడికెన్ని గుండెలు! లెక్కాయన జేబులో చెయ్యి పెట్టుకుని, డబ్బాని పట్టుకుని, అన్నిటికీ సరే సరే అన్నాడు. శుక్రవారం సాయంత్రం జేబుల తనిఖీ అవుతుందని తెలిసి డబ్బాని ఆస్పత్రిలోనే వదిలేసి వచ్చాడు, శనివారం పొద్దున ఎనిమిదికల్లా అక్కడికి పరుగెత్తి వేసుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆదివారం ఒక ఎత్తు. పొద్దున భార్య గుడ్డలుతకడానికి పెరట్లోకెళ్ళింది. బావమరిది లేడు, బస్సు లేదు, డబ్బా చేతికందే దూరంలో ఉంది. ఆయన తీరిగ్గా టిఫిన్ తిన్నాడు, కాఫీ తాగాడు, పేపరు చదివాడు. పదకొండున్నరకి గుర్తొచ్చింది. ఎవరూ అడ్డుపడలేదు, ఉత్తినే మర్చిపోయాడు. టిఫిన్ మాత్రం మర్చిపోలేదు. లెక్కాయనకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

సోమవారం పొద్దున ఎనిమిదిది నోట్లో వేసుకుని లెక్కపెడితే పదకొండు. ఉండాల్సినవి ఆరు. ఇరవై రెండేళ్ళుగా ఊరందరి మాత్రలూ లెక్కపెట్టినవాడు ఇవాళ పెద్ద నర్సమ్మ ముందు పదకొండు బోర్లించాలి. ఆవిడ అసలే నవ్వు ఆపుకోలేని మనిషి.

ఆయన ఆస్పత్రికి అందరికన్నా ముందు వచ్చాడు. వరండాలో, తన కిటికీకి నాలుగడుగుల దూరంలో, బెంచీ పక్కన పెద్ద మట్టికుండీలో ఆకుల మొక్క ఒకటుంది. అటూ ఇటూ చూసి, వేలితో మట్టి గిల్లి, అయిదు పిప్పరమెంట్లు పూడ్చబోయాడు. వేలికి ఏదో తగిలింది. రాయి అనుకున్నాడు. కాదు, మాత్ర. ఇంకాస్త గిల్లితే ఇంకోటి. కొన్ని కరిగి సున్నంలా ఉన్నాయి, కొన్ని నిన్న మొన్న పూడ్చినంత కొత్తగా ఉన్నాయి. మాత్రని చీకట్లో తడిమి పేరు చెప్పగల మనిషికి అవి ఏ మాత్రలో, ఏ కిటికీలోంచి వెళ్ళినవో ఒకరు చెప్పాలా? అయినా వరండాలో అడుగుల చప్పుడు వినపడగానే తన అయిదూ వాటి మీదే పోసి, మట్టి కప్పి, చెయ్యి దులుపుకున్నాడు.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచారు. పెద్ద నర్సమ్మ ప్లాస్టిక్ గరిటె తీసుకుని లెక్కపెట్టింది. డాక్టరమ్మ ఆరు పూటలు మర్చిపోయింది, రెండు రోజులు అసలు డబ్బా ఎక్కడ పెట్టిందో తెలియలేదట. నర్సమ్మవి లెక్కకన్నా తక్కువున్నాయి, మనవరాలు కనిపెట్టేసింది. ల్యాబాయన మంగళవారానికే మొత్తం తినేశాడు. బావున్నాయండీ అన్నాడు. లెక్కాయన డబ్బాలో సరిగ్గా ఆరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలా సాధించారో నలుగురికీ చెప్పమని శిక్షణావిడ అడిగితే, ఆయన క్రమశిక్షణ అని ఏదో గొణిగి కూర్చున్నాడు.

తర్వాత బట్టలు కుట్టే ఆవిడ ఫైలు తెరిచారు. డాక్టరమ్మ లెక్కాయన పుస్తకం మరోసారి తిరగేసింది. ఎనిమిది నెలలు, ఒక్క తేడా లేదు. ఇంతకన్నా ఏం కావాలంది. నర్సమ్మ, ల్యాబాయన సరేనన్నారు. కొత్త మందు చీటీ రాయడానికి డాక్టరమ్మ పెన్ను తీసింది.

నోరు మూసుకుంటే లెక్కాయన పరువు దక్కుతుంది, ఆవిడకి ఆఖరి మందు మొదలవుతుంది. ఆయన లేచి, ఒక్క నిమిషం ఆగమని చెప్పి బయటికెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు కుండీని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ఆయాసపడుతూ వచ్చి ఫైలు పక్కన దింపాడు. మట్టి తోడి బల్ల మీద పోశాడు. పిప్పరమెంట్లు అయిదు, వాటి కింద మాత్రలు.

"పైవి నావి," అన్నాడు. "నాకు పదకొండు మిగిలాయి మేడం. సిగ్గేసి పారేశాను. కిందవి ఎవరివో తెలీదు. ఆవిడవే అని చెప్పలేను, కావని కూడా చెప్పలేను. నా పుస్తకం చూసి మాత్రం మందు మార్చకండి."

అందరికన్నా ముందు నర్సమ్మ నవ్వింది, ఆపుకుందామని చూసింది గానీ కుదరలేదు. ల్యాబాయన ఒక పిప్పరమెంటు తీసి మట్టి ఊది చూసి, మళ్ళీ పెట్టేశాడు. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, ముందు ఆవిడతో మాట్లాడదాం, ఎవరు మాట్లాడతారని అడిగింది. ముగ్గురూ లెక్కాయన వైపే చూశారు.

ఆ సాయంత్రం భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, మరి మీ పేషెంట్లు ఎన్నాళ్ళు వేసుకోవాలని అడిగింది. రోజూ, ఎప్పటికీ అన్నాడు. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

బుధవారం బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. లెక్కాయన కిటికీ మూసి, తలుపు తీసుకుని ఇవతలికొచ్చి బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ భయపడి ఇంకాస్త జరిగింది. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదలు. అక్కణ్ణుంచి చూస్తే కిటికీలో మనిషి కనపడడు, కన్నమే కనపడుతుంది.

పిప్పరమెంట్ల సంగతి మొదట్నుంచీ చెప్పాడు, బఠాణీలూ బావమరిదీ సహా. బావమరిది దగ్గరికొచ్చేసరికి ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పారేసిన సంగతి చెప్పాక ఆవిడ కొంగు దించి, కుండీ ఉండే చోటికేసి చూసింది.

"ఇంట్లో తోటికోడలికి తెలీకుండా వేసుకోవాలి, కొన్ని పూటలు కుదరదు," అంది. "అయినా ఇంట్లోవాళ్ళకి భయపడి పారెయ్యలేదు సార్. మీకు భయపడి పారేశాను."

డాక్టరమ్మకి చెప్పడానికి లెక్కాయన కారణాలు నాలుగైదు ఊహించి పెట్టుకున్నాడు, అందులో తను లేడు. తప్పు నాదేనమ్మా అన్నాడు, అదీ ఆవిడకి మాత్రమే వినపడేంత మెల్లగా. కుదరని పూటలకి వేరే వేళ పెట్టుకోవచ్చని, నర్సమ్మ, తను, డాక్టరమ్మ ముగ్గురూ కూర్చుని ఆ వేళ చూస్తారని, ఈలోపు మందు మార్చరని చెప్పాడు. ఆవిడ సంచిలోంచి డబ్బా తీసింది. ఆయన అలవాటుకొద్దీ చెయ్యి చాపాడు.

"తొమ్మిది ఎక్కువ మిగిలాయి సార్," అంది డబ్బా ఇవ్వకుండానే.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒళ్ళో పుస్తకం తెరిచి, లెక్కపెట్టకుండా, తొమ్మిది అని రాసుకున్నాడు.