రెండోసారి మోగిన గంట

కసిల్డా ఆఖరి దుప్పటిని చాచి పట్టుకుని, అంచుకి అంచు కలిపి, గడ్డం కింద అదిమిపెట్టి మడిచింది. వృద్ధాశ్రమంలో బట్టలుతికే గది ఆమె రాజ్యం. వేడినీళ్ళకీ సబ్బుకీ వేళ్ళ కొసలు నునుపెక్కిపోయాయి. బొటనవేలి పక్కన ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది. మనిషి పొట్టి, పిక్కలు మాత్రం గట్టివి. ఊళ్ళో ఆమె గురించి చెప్పుకునేందుకు పెద్దగా ఏమీ లేదు. ఆమెకూ అదే హాయి.

ఇంటికొచ్చేసరికి అన్న ఫెర్మిన్ మంచం మీద దిండ్లకు జారగిలబడి ఉన్నాడు. బతుకంతా ఆలివ్ చెట్లకు కొమ్మలు కొట్టిన మనిషి, గుండె చెడి, కాళ్ళు ఉబ్బి, చలికాలం నుంచి మంచం దిగలేదు. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి ఊసెత్తలేదు. ఒకరికొకరే దిక్కు.

"వచ్చావా? అయితే సైకిలెక్కు, పో," అన్నాడు ఫెర్మిన్.

"ఇవాళ వెళ్ళనులే అన్నయ్యా."

"వెళ్ళకపోతే ఏం చేస్తావు? నా మొహంలోకి చూస్తూ కూచుంటావు. నీ చూపుకే సగం చచ్చేట్టున్నానే! ఆ ఫోను కూడా ఇక్కడే పెట్టి పో. అది జేబులో ఉంటే షికారు కాదు, కాపలా."

పక్కింటి పెట్రా అప్పటికే కుర్చీ లాక్కుని అల్లిక తీసింది. "నేనున్నానుగా. కాస్త గాలి పీల్చుకుని రా," అంది.

కసిల్డాకు ఉన్న భయం ఒక్కటే. తల్లి పోయిన రోజు తను దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. కబురంది పరిగెత్తేసరికి తల్లి చెయ్యి చల్లబడిపోయింది. అన్న విషయంలో అలా జరగకూడదు. ఆ క్షణాన అతని చెయ్యి తన చేతిలో ఉండాలి. దేవుణ్ణి ఆమె ఇంకేమీ అడగలేదు. అయినా సైకిలెక్కింది. ఈ కాసేపూ లేకపోతే తనూ మంచం పడుతుందని ఆమెకు తెలుసు.

ఆమె వెళ్ళేది ఒకప్పుడు నూనె పీపాలు మోసిన రైలుదారి. పట్టాలు పీకేసి, నేల చదును చేసి సైకిళ్ళకు వదిలేశారు. రైలు కోసం తవ్విన దారి కనక ఎత్తుపల్లాలు తెలియవు. అరిగిన మోకాళ్ళ మీద దానికి జాలి ఉంది. రెండు పక్కలా ఆలివ్ తోటలు కొండల మీదికి పాకిపోయాయి. సొరంగంలోకి వెళ్ళగానే చల్లటి చీకటి, తడి రాతి వాసన. ఒంటికంటిన సబ్బు వాసనా మందుల వాసనా అక్కడే వదిలిపోతాయనిపిస్తుంది ఆమెకు.

సొరంగం దాటాక ఇనప వంతెన. కమ్మీకి మోచేతులానించి కింద వాగును చూస్తూ నిలబడింది. భుజాలు వాటంతటవే సడలాయి. ఇక్కడ తను ఎవరికీ ఏమీ కాదు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది గాని, సుఖంగానే ఉంది.

అప్పుడు ఊరి గంట వినిపించింది. విడివిడిగా, బరువుగా మోగుతోంది. చావు గంట. ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు రెండేసి దెబ్బలు, మగవాళ్ళకు మూడేసి కొడతారు. కసిల్డా ఊపిరి బిగబట్టింది. రెండు పడ్డాయి. మూడోది కూడా పడింది.

సైకిలు ఎలా తిప్పిందో, సొరంగం ఎలా దాటిందో ఆమెకే తెలియదు. "అన్నయ్యా, ఒక్క క్షణం ఆగు," అని గొణుక్కుంటూనే తొక్కింది. కళ్ళనీళ్ళకు దారి మసకబారింది.

గుమ్మంలో పెట్రా నల్ల శాలువా కప్పుకుని నిలబడి ఉంది. "అయ్యో, ఏమిటే ఆ పరుగు! పోయింది ఆ చివరింట్లో ఉండే సిరిలో తాత. ఊరంతా అక్కడే ఉంది. నువ్వొస్తే వెళ్దామని చూస్తున్నా."

లోపల ఫెర్మిన్ పగలబడి నవ్వుతున్నాడు. "నాకే కొట్టారనుకున్నావా? గంట కొట్టే ఎలాదియో నన్నడక్కుండా ఎలా కొడతాడే!"

"నీ నోరు పడిపోను!" అంటూ కసిల్డా మంచం మీద కూలబడి ఏడ్చింది, నవ్వింది. అతని చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది.

పెట్రా వెళ్ళాక అతను మెల్లగా అన్నాడు: "ఆకలేస్తోందే." ఆ మాట విని ఎన్నాళ్ళయిందో! కసిల్డా రొట్టె ముక్క కాల్చి, కొత్త నూనె ధారగా పోసి తెచ్చింది. ఒకచోట కొరికి, మొహం చిట్లించాడు.

"చప్పగా ఏడ్చింది. ఉప్పెయ్యి."

"డాక్టరు వద్దన్నాడుగా?"

"తినేది డాక్టరా, నేనా? చిటికెడే, తల్లీ."

ఇవాళ కాదనలేకపోయింది. ఉత్త పుణ్యానికి అంత ఏడిపించాడని నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళి చిటికెడు ఉప్పు తీసింది. తిరిగొచ్చేసరికి ఫెర్మిన్ తల దిండు మీద పక్కకు వాలి ఉంది. కళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి, వాటిలో చూపు లేదు.

"ఉప్పు తెచ్చాను అన్నయ్యా," అంది పిచ్చిదానిలా. కొండ దాటి వచ్చింది, వంటిల్లు దాటి రాలేకపోయింది. అతని చెయ్యి పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

రెండో చేత్తోనే ఎలాదియోకు ఫోను చేసింది. కాసేపటికి గంట మళ్ళీ మోగింది, మూడేసి దెబ్బలు. సిరిలో తాత ఇంట్లో కూచున్న ఊరివాళ్ళు తలలొంచి శిలువ గుర్తు వేసుకున్నారు. మునిమాపువేళ మరోసారి కొట్టడం ఆచారమే కనక, అదీ సిరిలో తాతకే అనుకున్నారు. ఒక్కరూ కుర్చీల్లోంచి లేవలేదు.

మామూలుగా అయితే గంట ఆగకముందే ఇల్లు జనంతో నిండేది. ఆడవాళ్ళు ఆమెను మంచం దగ్గర్నుంచి లేపి, కాఫీ తాగించి, ఓ మూల కూచోబెట్టేవాళ్ళు. ఎలాదియో గంట గోపురం మెట్లు దిగి, సిరిలో తాత ఇంటికి వెళ్ళి సంగతి చెప్పేదాకా ఇక్కడికి ఎవరూ రాలేదు. అందాకా కసిల్డా అన్న చెయ్యి వదల్లేదు. అది తన చేతిలోనే నెమ్మదిగా చల్లబడింది.

మంచం పక్కన పళ్ళెంలో, ఒక్కచోట కొరికిన రొట్టె ముక్కలోకి నూనె ఇంకా ఇంకుతూనే ఉంది.