అంకెలు మూసిపెట్టిన లెక్క

తరగతిలో దాదాపు అందరూ ఏడు అని రాశారు.

ఉదయలక్ష్మి బల్లల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి చిన్న వైట్‌బోర్డూ చూస్తోంది. ఏడు. ఏడు. ఆ పక్కన ఇంకో ఏడు, కింద రెండు గీతలతో సహా. టీచర్ మెచ్చుకుంటుందని పిల్లలు బోర్డులు తల మీదికెత్తి పట్టుకున్నారు. వెనక కుర్చీలో కూర్చున్న బ్రాన్విన్ ల్యాప్‌టాప్ మీద ఆగకుండా టైప్ చేస్తోంది.

లెక్క చాలా చిన్నది. కంచె మీద కొన్ని కాకటూ చిలుకలు వాలాయి. వాటిలో ఎనిమిది ఎగిరిపోయాయి. పదిహేను మిగిలాయి. మొదట ఎన్ని వాలాయి?

గోడ మీది రంగుల చార్టు ఉదయలక్ష్మి అంటించిందే. ‘ఆల్టుగెదర్’ అని ఉంటే కూడిక, ‘లెఫ్ట్’ అని ఉంటే తీసివేత, ‘ఈచ్’ అని ఉంటే గుణకారం. మూడో తరగతి పిల్లలు దాన్ని ఇట్టే పట్టేశారు. ఇప్పుడు కూడా ‘లెఫ్ట్’ కింద గీత గీసి, పదిహేనులోంచి ఎనిమిది తీసేశారు. రావలసింది ఇరవై మూడు. పిట్టల సంగతి ఎవరికీ పట్టలేదు.

రిసెస్ గంట కొట్టి పిల్లలు టోపీలు పెట్టుకుని బయటికి పరుగెత్తాక బ్రాన్విన్ ల్యాప్‌టాప్ మూసింది. ఆమె సిడ్నీ శివార్లలోని ఈ స్కోఫీల్డ్స్ బడిలో చాలా ఏళ్ళ నుంచి ఉన్న టీచరు. ఉదయలక్ష్మి శిక్షణ ఎలా సాగుతోందో చూసి పాసా ఫెయిలా తేల్చవలసింది ఆమే.

“వాళ్ళు చదవట్లేదు ఉదయా, వేటాడుతున్నారు” అంది బ్రాన్విన్. “ఒక మాట, రెండు అంకెలు చేతికి దొరికితే చాలు వాళ్ళకి.”

“నా తప్పే. రేపటి నుంచి మారుస్తాను.”

“మారుస్తావనే అనుకుంటున్నాను. కానీ నీ ప్లేస్‌మెంట్ ‘అట్ రిస్క్’లో ఉందని యూనివర్సిటీకి చెప్పక తప్పదు. గురువారం ఇదే పాఠం మళ్ళీ చూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే నేను పాస్ చేయలేను.”

ఉదయలక్ష్మి తల ఊపింది.

విజయవాడలో ఓ కార్పొరేట్ కాలేజీలో ఆరేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి ఆమె. అక్కడ లెక్కను చూడగానే అది ఏ రకమో పోల్చుకోవడమే చదువు. భర్త దీపక్ వెంట సిడ్నీ వచ్చాక ఆ అనుభవం దేనికీ పనికిరాలేదు. మూడేళ్ళు ఒక గిడ్డంగిలో పెట్టెలకు లేబుళ్ళు అంటించి, ఆ తరవాత టీచర్ కోర్సులో చేరింది. కోర్సులో భాగంగా బడిలో చేసే శిక్షణల్లో ఇదే ఆఖరి ప్లేస్‌మెంట్. ఇది పోతే మళ్ళీ ఆ గిడ్డంగే.

బుధవారం పొద్దున పిల్లలు రాకముందే ఆ చార్టు పీకేసింది.

ఆ మధ్యాహ్నం బడి వదిలాక గేటు దగ్గర ఒకాయన ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతోంది. పక్కన ఉదయలక్ష్మి తరగతి పిల్ల లిఖిత, బ్యాగు గుండెలకు హత్తుకుని నేలచూపులు చూస్తోంది.

“మేడమ్, నేను లిఖిత డాడీని, భానుప్రసాద్. మీరు తెలుగోళ్ళేనట గద?”

“అవునండీ. మాది ఒంగోలు.”

“మాది మహబూబాబాద్. సరే గానీ, ఆ చార్టు ఎందుకు తీసేసిన్రు మేడమ్?”

ఆ ప్రశ్న ఇంత సూటిగా వస్తుందని ఉదయలక్ష్మి అనుకోలేదు. “దానివల్ల పిల్లలు లెక్క చదవడం మానేస్తున్నారండీ.”

“నిన్న మా బిడ్డ ఏడు అని రాస్తే తప్పు అన్నరంట. మీ చార్టుల ఉన్నదే కద రాసింది?”

“రాసింది చార్టులో ఉన్నదే. నేను నేర్పిన తీరే సరిగా లేదు.”

“అట్లంటే ఎట్ల?” ఆయన గొంతు పెరిగింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికొచ్చిన తల్లులు ఇటు తిరిగి చూశారు. “రెండేండ్ల సంది ఇంట్ల నేను ఇదే చెప్తున్న. వచ్చే ఏడు ఓసీ టెస్ట్ ఉంది, గది పాసైతెనే తెలివైన పిల్లల క్లాసుల సీటు. మీ ట్రైనింగ్ కోసం మా పిల్లల మీద ఎక్స్‌పెరిమెంట్లు చేస్తరా? నేను ప్రిన్సిపాల్‌కు మెయిల్ పెడుతున్న.”

“డాడ్, ప్లీజ్” అంది లిఖిత సన్నగా. ఆయన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కారు వైపు నడిచాడు.

ఇంటికొచ్చాక దీపక్ అంతా విన్నాడు. “ఒక్క పాఠమేగా ఉదయా! ఆవిడకి ఏది నచ్చుతుందో అదే చెప్పేసెయ్. పాసయ్యాక నీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకో.”

“ఏది నచ్చుతుందో తెలిస్తే బాధేముంది? ఏం చెయ్యాలో నాకే తెలియట్లేదు” అంది ఉదయలక్ష్మి.

ఆమె కూర తరుగుతూ అదే ఆలోచించింది. చదవమంటే పిల్లలు చదవరు. నెమ్మదిగా చదవమన్నా కళ్ళు ముందు అంకెల మీదికే పోతాయి. తన కళ్ళు మాత్రం? ఏ లెక్క చూసినా తన కళ్ళు కూడా మొదట వెళ్ళేది అంకెల మీదికే. కత్తి పక్కన పెట్టి కాసేపు అలాగే నిలబడింది. అంకెలు కనబడకపోతే?

గురువారం బోర్డు మీద లెక్క రాసి, అంకెలున్న రెండు చోట్లా పసుపు కాగితాలు అంటించింది. చివరి ప్రశ్న మీద ఇంకొక పెద్ద కాగితం. బ్రాన్విన్ వెనక కుర్చీలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది.

ఉదయలక్ష్మి పైకి చదివింది. “బడిలో సాసేజ్ సిజిల్ విందు కోసం టీచర్లు కొన్ని సాసేజ్‌లు కాల్చారు. పిల్లలు కొన్ని తిన్నారు. ఇంకా కొన్ని మిగిలాయి.”

వెంటనే ముందు వరసలోంచి ఒక కేక. “మైనస్, మిస్!”

“దేంట్లోంచి దేన్ని మైనస్ చేస్తావు?”

“తెలీదు. కానీ మైనస్సే. లెఫ్ట్ అని ఉందిగా!”

అందరూ నవ్వారు. నవ్వు కాస్తా గోల అయింది. “అంకెలు ఏవి మిస్?”, “ఇది లెక్క కాదు మిస్!” ఇద్దరు పిల్లలు వైట్‌బోర్డు మీద సాసేజ్ బొమ్మలు వేసి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. బడి పక్కన కొత్త ఇళ్ళు కడుతున్నారు. మేకులు కొట్టే మెషిన్ల చప్పుడు కిటికీల మీద దడదడమంటోంది. వెనక బ్రాన్విన్ వేళ్ళు టకటకమని కదిలాయి. కాగితాలు పీకేసి అంకెలు చూపిస్తే క్షణంలో గోల ఆగిపోతుందని ఉదయలక్ష్మికి తెలుసు. చెయ్యి అటే వెళ్ళింది కూడా.

అప్పుడే లిఖిత కనిపించింది. ఆ పిల్ల నవ్వడం లేదు. వైట్‌బోర్డు బోర్లా పెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించి, గబగబా ఊపిరి పీలుస్తోంది.

ఉదయలక్ష్మి ప్లాను ప్రకారం ఈపాటికి రెండో లెక్కలో ఉండాలి. గడియారం వైపు చూడకుండా వెళ్ళి లిఖిత పక్కన నేల మీద కూర్చుంది.

“నేను చెయ్యలేను మిస్” అంది లిఖిత ఇంగ్లీషులో. “ముందు నంబర్స్ వెతకమని డాడ్ చెప్పాడు. నంబర్సే లేవు.”

ఉదయలక్ష్మి గొంతు తగ్గించి తెలుగులోకి మారింది. “లెక్క వద్దులే తల్లీ. అక్కడ ఏం జరిగిందో నాకు చెప్పు, చాలు.”

లిఖిత కళ్ళెత్తి చూసింది. బడిలో ఆ భాష వినబడటం ఆ పిల్లకు కొత్త. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇచ్చింది. “పిల్లలు సాసేజ్‌లు తినేశారు.”

“అన్నీనా?”

“కాదు. ఇంకా టేబుల్ మీద ఉన్నాయి.”

“వాళ్ళు తినకముందు టేబుల్ మీద ఎలా ఉండేది?”

“ఎక్కువ ఉండేవి.”

“ఎలా తెలుసు నీకు?”

లిఖిత ఆమె వైపు వింతగా చూసింది, ఇంత తెలిసిన విషయాన్ని టీచర్ ఎందుకు అడుగుతోందన్నట్టు. “తిన్నారు కదా మిస్! తిన్నవీ అప్పుడు అక్కడే ఉన్నాయి, మిగిలినవీ అక్కడే ఉన్నాయి.”

“అది గీసి చూపించు.”

లిఖిత బోర్డు తిప్పి ఒక పొడుగాటి పట్టీ గీసింది. మధ్యలో అడ్డగీత పెట్టింది. ఒక వైపు తిన్నవి, రెండో వైపు మిగిలినవి. పక్క బల్ల పిల్లలు మెడలు చాచి చూశారు. గోల కొంచెం తగ్గింది. ఉదయలక్ష్మి లేచి ఆ బొమ్మను పెద్ద బోర్డు మీద గీసి, ప్రశ్న మీది కాగితం తీసింది. టీచర్లు మొదట ఎన్ని సాసేజ్‌లు కాల్చారు?

“మనకు కావలసింది ఈ పట్టీలో ఎక్కడుంది?”

“అంతా!” అన్నారు ఇద్దరు ముగ్గురు.

అప్పుడు అంకెలు చూపించింది. తిన్నవి ఇరవై ఏడు, మిగిలినవి ముప్పై ఆరు. మార్కర్లు ఒక్కసారిగా కదిలాయి. బోర్డులు పైకి లేచాయి. సగం బోర్డుల మీద తొమ్మిదే ఉంది.

ఆమె నోరు తెరిచేలోపే లిఖిత లేచి నిలబడింది. “తొమ్మిది ఎలా అవుతుంది? ఇంకా ముప్పై ఆరు టేబుల్ మీదే ఉన్నాయి కదా!”

తొమ్మిది రాసినవాళ్ళు బోర్డు వైపు చూశారు, తమ జవాబు వైపు చూసుకున్నారు. ఒకరిద్దరు గబుక్కున చేత్తో తుడిపేశారు. మరికొందరు మొండిగా అలాగే ఎత్తి పట్టుకున్నారు. ఈలోగా రిసెస్ గంట మోగింది. రెండో లెక్క మొదలే కాలేదు.

బ్రాన్విన్ ల్యాప్‌టాప్ మూసింది. “లిఖిత వాళ్ళ నాన్న సాయంత్రం వస్తున్నాడు. ప్రిన్సిపాల్ నన్ను చూసుకోమంది. నువ్వూ ఉండు” అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

సాయంత్రం భానుప్రసాద్ పిల్లల బల్ల ముందు చిన్న కుర్చీలో ఇరుకుగా కూర్చున్నాడు. పరీక్షలో ఒక్కో లెక్కకు ఎంత తక్కువ టైమ్ ఉంటుందో, బొమ్మలు గీస్తూ కూర్చుంటే ఏమవుతుందో బ్రాన్విన్‌కు ఇంగ్లీషులో వివరించాడు. ఉదయలక్ష్మి లిఖిత గీసిన పట్టీని ఆయన ముందు పెట్టింది. ఆ పిల్ల లేచి అన్న మాట కూడా చెప్పింది. ఆయన ఆ బొమ్మ వంక చాలాసేపు చూశాడు. ఉన్నట్టుండి తెలుగులో మాట్లాడాడు.

“మేడమ్, నేను టెన్త్ దాంక తెలుగు మీడియం. ఇంటర్‌ల ఇంగ్లీష్ మీడియంల వేసిన్రు. లెక్క వస్తుండె గానీ అది ఏమడుగుతుందో సమజ్ కాకపోయేది. ఎవలనన్న అడుగుదామంటే సిగ్గు. గట్ల ఒక్కొక్క మాట పట్టుకున్న. గీ మాటుంటే గిది చెయ్యాలె, గా మాటుంటే గది చెయ్యాలె. గవే నన్ను ఇక్కడిదాంక తెచ్చినయ్. అవి వద్దంటే భయమైతది.”

ఉదయలక్ష్మికి కోపం పోయింది. “మీకప్పుడు వేరే దారి లేదు భానుప్రసాద్ గారూ. మీకు రాని భాషలో లెక్క ఇచ్చారు. లిఖితకి ఆ భాష వచ్చు. తను చదవగలదు. మనమే చదవనివ్వట్లేదు.”

“మరి టైమ్?” అన్నాడు ఆయన.

“మొదట్లో ఎక్కువే పడుతుంది. అలవాటయ్యాక బొమ్మ మనసులోనే వేసుకుంటుంది.”

“గ్యారంటీనా?”

“గ్యారంటీ ఇవ్వలేనండీ.”

ఆయన చిన్నగా నవ్వినట్టనిపించింది. “ఒక టర్మ్ చూస్త మేడమ్” అని లేచాడు. బ్రాన్విన్‌కు థాంక్స్ చెప్పి బయటికి నడిచాడు.

“తెలుగులో ఏమన్నాడు?” అడిగింది బ్రాన్విన్.

ఉదయలక్ష్మి లిఖిత బోర్డును చేతిలోకి తీసుకుంది. “తన చదువు గురించి చెప్పాడు. అది నేను చెప్పడం బాగోదు.”

బ్రాన్విన్ సరేనన్నట్టు తల ఊపి, చిన్న కుర్చీలన్నీ బల్లల కిందికి తొయ్యడం మొదలుపెట్టింది. ఆ పని చేస్తూనే అంది. “ప్లాన్‌లో సగమే చేశావు. సగం మంది ఇంకా తొమ్మిదే రాశారు. పొద్దున ఆ కాగితాలు పీకేస్తావేమో అనుకున్నాను.”

“పీకేద్దామనే అనుకున్నాను.”

“చూశాను. కానీ పీకలేదు, వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నావు.” బ్రాన్విన్ ఆఖరి కుర్చీ లోపలికి నెట్టింది. “అట్ రిస్క్ తీసేయమని ఇవాళే యూనివర్సిటీకి రాస్తాను. రేపు ఆ తొమ్మిదివాళ్ళ దగ్గర నువ్వే కూర్చో. మిగతా క్లాసు నేను చూసుకుంటాను.”

ఉదయలక్ష్మి కారులో కూర్చున్నాక గానీ ఏడవలేదు. ఏడుపు ఆగాక దీపక్‌కి ఫోన్ చేసింది.

“ఏమైంది? పాసయ్యావా?” అన్నాడు అతను ఆత్రంగా.

“ఇంకా లేదు. కానీ రేపు రమ్మంది” అంది ఉదయలక్ష్మి.