నాలుగో లైను

బొరుగుల్ని నీళ్ళలో వేసి, తడిసీ తడవకముందే పిండెయ్యాలి. ఒక్క క్షణం ఏమరితే ఉగ్గాని ముద్దయిపోతుంది. హేమావతి రెండు చేతులా బొరుగులు పిండి పళ్ళెంలో వేస్తూ, మధ్య మధ్యలో పొయ్యి మీది మూకుట్లో మిరపకాయ బజ్జీలు తిరగేస్తూ, హాల్లోంచి వస్తున్న మాటలు వింటోంది. ఆదివారం పొద్దున ఎనిమిదింటికే పదకొండుమంది మగవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఊరి ముందర కొత్తగా కట్టిన సర్కిల్లో చరిత్రలో నిలిచిపోయిన ఒక స్త్రీమూర్తి విగ్రహం పెట్టాలని పంచాయతీలో తీర్మానమైంది. ఆ స్త్రీ ఎవరో తేల్చడానికి ఈ కమిటీ. కమిటీకి అధ్యక్షుడు హేమావతి భర్త ప్రశాంత్. కమిటీలో ఆడవాళ్ళెవరూ లేరు.

"కిత్తూరు చెన్నమ్మను పెడదామప్పా. గుర్రం, కత్తి... చూసేకి బాగుంటాది."

"ఆమె విగ్రహం యాడ చూసినా ఉండాది. ఒనకె ఓబవ్వ అయితే?"

"ఓబవ్వ చిత్రదుర్గామె గదా. మనకేం సంబంధం?"

"రుద్రమదేవి?"

"బేడప్పా, వద్దు. తెలుగోళ్ళు తెలుగామెనే పెట్టుకున్యారని కన్నడమోళ్ళు గలాటా చేస్తారు."

హేమావతికి నవ్వొచ్చింది. బళ్ళారిలో చరిత్ర ఎం.ఏ. చదివి, సిరుగుప్పలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఏడేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి ఆమె. ఓబవ్వ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఒకటే అడిగేది. కావలివాడైన మొగుడు అన్నానికి కూర్చుంటే మంచినీళ్ళు తేవడానికి పోయిన ఆడది, కోట గోడ కంతలోంచి దూరే శత్రువుల్ని ఒక్కొక్కణ్ణీ రోకలితో కొట్టి చంపింది కదా, ఆ కాసేపూ మొగుడు ఏమనుకుని ఉంటాడు? 'నీళ్ళు ఇంకా రాలేదే అని అరిచింటాడు టీచర్' అని ఆడపిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. ఆ నవ్వు విని ఏడేళ్ళు దాటింది. అత్త నాగలక్ష్మమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడిన వారానికే ప్రశాంత్ అన్నాడు: "చచ్చిపోయినోళ్ళ గురించి చెప్పేకి బస్సెక్కి సిరుగుప్ప దాకా పోవల్లా? ఇంట్లో బతికుండే మనిషిని చూసుకో." ఆమె ఉద్యోగం మానేసింది. అప్పట్నుంచి ఆరేళ్ళు అత్త ఒళ్ళు తుడవడం, గంటగంటకూ పక్కకు తిప్పి పడుకోబెట్టడం, జావ చెంచాతో తాగించడం. పోయినేడు అత్త పోయింది. స్కూల్లో ఆమె చోటు అప్పటికే నిండిపోయింది.

"యాడాడోళ్ళో మనకెందుకు?" మామ వెంకటరామి గొంతు వినిపించింది. ఊళ్ళో అందరూ పెద్దరెడ్డి అంటారాయన్ని. "మన ఊర్లో ఆడదే పుట్టలేదా? మా లక్ష్మమ్మ లేదా? నలభై ఎనిమిదేండ్లు కాపురం చేసింది. ఒక్కనాడు గడప దాటలే. గొంతు పెంచలే. ఆ పొద్దు హగరి ఏరు పొంగినప్పుడు నేను గోదాము తెరిపిచ్చి ఊరికి అన్నం పెడితే, ఇంట్లో కూకోని వండి వండి పంపించింది."

ఆ మాటతోనే పేరు ఖాయమైంది. పెద్దరెడ్డి మాట కాదనే అలవాటు ఆ హాలుకు లేదు. హేమావతి పళ్ళేలు తెచ్చి ఒక్కొక్కరి ముందూ పెడుతుంటే ప్రశాంత్ అన్నాడు.

"హేమా, నువ్వు చరిత్ర చదివినావు గదా. అమ్మ గురించి రాతి మీదికి నాలుగు లైన్లు రాసియ్యి. ఒక ఫొటో గూడా వెదుకు. మౌనేష్‌కు కావల్లంట."

వాకిలి పక్కన కూర్చున్న శిల్పి మౌనేష్ లేచి నమస్కారం పెట్టాడు. ఏడేళ్ళలో ఆమె చదువు ఆ ఇంట్లో గుర్తుకు రావడం అదే మొదటిసారి. ఆమె సరేనంది.

ఆ మధ్యాహ్నం బీరువా మీది ట్రంకు దించి ఆల్బములన్నీ తిరగేసింది. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, కొత్త లారీలకు పూజలు. ప్రతి ఫొటోలోనూ అత్త ఉంది, ఏ ఫొటోలోనూ అత్త లేదు. ఒకదాంట్లో భుజం, ఒకదాంట్లో కుంకుమ పళ్ళెం పట్టుకున్న చెయ్యి. ప్రశాంత్ పెళ్ళి ఫొటోలో మామ తలపాగా వెనక సగం నుదురు. తలెత్తి ఎదురుగా చూస్తున్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆధార్ కార్డులో ఉన్నది మంచాన పడ్డాక తీసింది, నోరు పక్కకు లాగేసి ఉంది. మౌనేష్‌కు ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది.

"పర్వాలేదక్కా, ముఖం నేను ఎట్లనో చేసుకుంటా. ఆమె ఎట్ల నిలబడేదో అది చెప్పు చాలు."

కనుక్కుని చెబుతానని హేమావతి ఫోన్ పెట్టేసింది. అత్త అనగానే ఆమె కళ్ళకు కట్టేది మంచం. అంతకుముందు? వంటింట్లో వంగిన నడుము. ఒక మనిషితో పదహారేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఆమె ఎలా నిలబడేదో తనకు తెలియదు. ఎవరికి తెలిసి ఉంటుందా అని ఆలోచిస్తే ఉచ్చంగెమ్మ గుర్తొచ్చింది. ఊర్లో సగం మందికి కాన్పు చేసిన సూలగిత్తి. ప్రశాంత్‌నూ ఆమె చేతులే పట్టుకున్నాయి. మర్నాడు వంట ముగించుకుని హేమావతి ఊరి దిగువనున్న దళితవాడకు, కింది కేరికి నడిచింది. పెద్దరెడ్డి ఇంటి కోడళ్ళు ఆ దిక్కు నడవడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

ఉచ్చంగెమ్మ గుడిసె ముందర కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. డెబ్బై దాటినా నడుము నిటారుగా ఉంది. విగ్రహం సంగతంతా విని, చేతిలో కాయ పక్కన పెట్టింది.

"లక్ష్మక్క ఎట్ల నిలబడేదా? గడ్డపార పట్టుకోని నిలబడేది తాయీ."

హేమావతికి అర్థం కాలేదు.

"నీకు తెల్వదులే. హగరి వచ్చినప్పుడు నువ్వు కాన్పుకు పుట్టింట్లో ఉన్యావు. ఇంటిల్లిపాదీ అంతకు ముందురోజే బళ్ళారికి ఎల్లిపోయినారు, నీ మొగునితో సహా. లారీలు మునుగుతాయని లారీలెక్కిపోయినారు. అక్క మాత్రం బర్రెల్ని ఇడిసిపెట్టి రానని ఉండిపోయింది. తెల్లారేకి మా కేరి మొత్తం నీళ్ళు. పిల్లాజెల్లా అందరం మీ గోదాము అరుగెక్కినాం. లోపల బియ్యం మూటలు, బయట ఆకలి. తాళంచెవి పెద్దరెడ్డి జేబులో, పెద్దరెడ్డి బళ్ళారిలో."

"అయితే మామ తెరిపిచ్చినాడని..."

"సుమ్నె, ఊరికే అంటారు. అక్కనే గడ్డపార తెచ్చింది. 'ఉచ్చంగీ, ఒక పక్క నువ్వు పట్టు' అన్యాది. ఇద్దరం కలిసి పెరికినాం తాళం. నాలుగు దినాలు, రెండు పెద్ద డేగిసాలు, ఆమె వండితే నేను వడ్డించేది, నేను వండితే ఆమె వడ్డించేది. మూడొందల మంది. మూడో దినం అక్క మా వరసలో నా పక్కనే కూకోని నా పళ్ళెంలోనే తిన్యాది. ఆ నాలుగు దినాలు నవ్వినట్ల ఆమె ఎప్పుడూ నవ్వలేదు తాయీ."

ముసలామె పక్కన పెట్టిన మిరపకాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఐదో దినం నీళ్ళు దిగినాయి. పెద్దరెడ్డి వచ్చినాడు. పెరికిన తాళం చూసినాడు, మమ్మల్ని చూసినాడు. అందరి ముందర, ఆ అరుగు మీదనే, ఆమె చెంప పగిలేట్ల కొట్టినాడు. 'ఎవుర్ని అడిగి తెరిచినావే, ఎవుర్ని కూకోబెట్టుకోని తింటాండావే' అని. మర్నాడు పేపరోళ్ళు వస్తే అదే అరుగు మీద గంటె పట్టుకోని ఫొటో తీయించుకున్యాడు. అక్క ఇంట్లోకి పోయింది. గొంతు పెంచలేదంటారే, అప్పట్నుంచే."

హేమావతి తిరిగి వస్తూ దోవ చూసుకోలేదు. ఎడమ చెంప మండుతున్నట్టుంది. రెండేళ్ళ కిందట అత్త మంచం పక్కన నిలబడి, 'స్కూల్లో మళ్ళా పిలుస్తాండారు, పగటిపూట అత్తకు ఒక మనిషిని పెట్టుకుందాం' అన్నందుకు ప్రశాంత్ చెయ్యి వచ్చి తగిలిన చెంప అది. ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. ఒక్క దెబ్బే కదా అనుకుంది. అలసిపోయున్నాడులే అనుకుంది. ఇలాంటివి చెప్పుకుంటే మన పరువే పోతుందని, దెబ్బ తిన్నవాళ్ళకు ఎవరు నేర్పుతారో కానీ, అందరికీ ఒకే పాఠం వచ్చి ఉంటుంది. ఆ పొద్దు అత్త కదిలే ఎడమచేత్తో మంచం పట్టెను కొట్టడం మొదలుపెట్టింది. దబదబా కొడుతూనే ఉంది, ప్రశాంత్ గది విడిచి పోయేదాకా. హేమావతి కళ్ళు తుడుచుకుని నీళ్ళ గ్లాసు నోటికి అందిస్తే తల పక్కకు తిప్పేసుకుంది. ఆ కొట్టడం దాహానికేమో అనుకుంది అప్పుడు. మాట పడిపోయిన మనిషి తన కోసం అరిచిందని రెండేళ్ళకు, నడిరోడ్డు మీద, చెప్పులకు బురద అంటుకుంటుండగా తెలిసింది. హేమావతి అక్కడే ఒక పొలం గట్టు మీద కూర్చుని, అత్త పోయినప్పుడు రాని ఏడుపంతా ఏడ్చింది.

ఏడ్చి లేచాక ఆమెకు ఒక సంగతి స్పష్టమైంది. రాణులకు రాతలు రాసేవాళ్ళుండేవాళ్ళు. కత్తి పట్టిన చెయ్యి దూరానికి కనిపిస్తుంది. గంటె పట్టిన చేతిని ఎవడో ఒకడు పక్కకు నెట్టి ఫొటోకు నిలబడతాడు. చరిత్రలో ఆడవాళ్ళు తక్కువ కాదు, రాసేవాళ్ళు తక్కువ. ఆ సాయంత్రం నాలుగు లైన్లు రాసింది.

తరువాతి ఆదివారం కమిటీ వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. హేమావతి చేతిలో కాగితంతో హాల్లోకి వచ్చి, ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. మగవాళ్ళు మాటలాపి చూశారు. ఆమె చదివింది.

"హగరి పొంగిన ఏడు, ఈ ఊరి గోదాము తాళం ఇద్దరు ఆడవాళ్ళు పగలగొట్టారు.
వారు నాగలక్ష్మమ్మ, ఉచ్చంగెమ్మ.
నాలుగు రోజులు మూడు వందల మందికి వండి, వారితో ఒకే వరుసలో కూర్చుని తిన్నారు.
అందుకు నాగలక్ష్మమ్మ ఈ ఊరి ముందర భర్త చేతి దెబ్బ తిన్నది."

పెద్దరెడ్డి ముఖం నల్లబడింది.

"ఎవరు చెప్పినారు నీకు ఈ కట్టుకథ?" అన్నాడు ప్రశాంత్.

"కట్టుకథ కాదన్నా." చివరి కుర్చీలోంచి ఒక గొంతు లేచింది. కింది కేరి పంచాయతీ మెంబరు భీమేష్. ఆ హాల్లో అతను మాట్లాడ్డం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ అరుగు మీదనే ఉన్యా. ఆ అన్నం తిన్యా. ఆ దెబ్బ చూసినా. ఇన్నేండ్లూ చెప్పలేకపోయినా, అది నా తప్పు."

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అక్కడున్న వాళ్ళలో ఇంకో ముగ్గురు నలుగురికి తెలుసని ఆ చూపుల్లోనే బయటపడింది. చివరికి ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని రాజీ తెచ్చాడు.

"సరేనమ్మా, నిజమే అనుకుందాం. ఉచ్చంగెమ్మ పేరుగూడా పెడదాం. ఇద్దరి విగ్రహమూ పెడదాం. మొదటి మూడు లైన్లు బాగుండాయి. ఆ నాలుగోది మాత్రం తీసెయ్యి. రాతి మీద ఎవరన్నా రాస్తారా అట్లాంటివి?"

అందరూ తలలూపారు. భీమేష్ కూడా ఆమె వైపు ఆశగా చూశాడు. అడిగినదాని కంటే ఎక్కువే దక్కింది కదా అన్నట్టు. హేమావతికి కూడా ఒక్క క్షణం చాలనిపించింది. వెంటనే ఇంకొకటి తోచింది. ఆ నాలుగో లైను పోతే అత్త మళ్ళీ అన్నపూర్ణ అయిపోతుంది, తాళం ఒక ముచ్చట అయిపోతుంది. తాళం పగలగొట్టడం ఎంత పెద్ద పనో ఆ దెబ్బే చెబుతుంది.

"తీసేది లేదు," అంది.

"హేమా!" ప్రశాంత్ లేచి నిలబడ్డాడు. "మా నాయన ఆ పొద్దు ఏదో ఆవేశంలో ఉన్యాడు. మా ఇంట్లో ఆడోళ్ళ మీద చెయ్యెత్తే అలవాటు లేదని ఊరందరికీ తెలుసు."

ఆమె కూడా లేచి నిలబడింది. 

"సరే. అత్త లైను వద్దంటే తీసేస్తా. దాని బదులు నాది రాస్తా. రెండేండ్ల కింద, ఈ ఇంట్లోనే, అత్త మంచం ముందర. తేదీతో సహా రాస్తా. రెండిట్లో ఏది రాతి మీద చెక్కాల్నో మీరే తేల్చుకోండి."

పెద్దరెడ్డి తల తిప్పి కొడుకు వైపు చూశాడు. కొడుకు చూపు నేల మీదికి దిగింది. ముసలాయన ఆ వంగిన తలను చాలాసేపు చూశాడు. ఆ తలలో ఆయనకు ఏం కనబడిందో ఆయనకే తెలియాలి. కర్ర అందుకుని లేచి, "రాసుకోనీ" అని, ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

మౌనేష్ చెవి మీది పెన్సిలు తీసి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. అధ్యక్షుణ్ణి అడగలేదు. హేమావతినే అడిగాడు.

"రాయి కొలత రాసుకోవల్లక్కా. నాలుగు లైన్లేనా?"

"నాలుగే. కింద ఐదో లైనుకు జాగా వదిలిపెట్టు మౌనేషప్పా," అంది హేమావతి. "అది రాసేకి పని పడ్తాదో లేదో, మా ఇంటాయన చేతిలో ఉండాది."