కోళ్లఫారానికి వచ్చిన ఆవమొక్కలు

తెల్లారేసరికి ఆవమొక్కలు రోడ్డు దాటి వచ్చి వరహాలమ్మ కోళ్లఫారం గేటు ముందు నిలబడి ఉన్నాయి. వేళ్లకు మట్టి లేదు. వచ్చేముందే శుభ్రంగా దులుపుకున్నాయి.

ఎదురుగా మూతపడ్డ రేకుల ఫ్యాక్టరీ స్థలం వాటిది. జింకు ఇంకి గడ్డి కూడా మొలవని ఆ నేలను బాగుచెయ్యమని వాటిని నాటారు. అవి పీల్చగలిగినంత పీల్చాయి.

"ఏం కావాలర్రా?" అంటుంది వరహాలమ్మ జడ ముడేసుకుంటూ.

"అక్కడ పని అయిపోయిందండీ. ఇక్కడేమైనా దొరుకుతుందేమోనని," అంటుంది ముందున్న మొక్క.

వరహాలమ్మ తన కోళ్లవైపు చూస్తుంది. కొన్నాళ్లుగా అన్నీ తోలుగుడ్లే పెడుతున్నాయి. పట్టుకుంటే నీళ్లసంచుల్లా వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి. ఇలాగే సాగితే ఫారం మూసుకోవలసిందే.

ఇంతలో స్కూటర్ మీద తబస్సుమ్ వస్తుంది. ఆ మొక్కల్ని నాటించిన మట్టి పరిశోధకురాలు ఆవిడే.

"మీ మొక్కల్ని మా కోళ్లకి పెట్టొచ్చా మేడమ్ గారూ?"

"గుడ్డు పెంకు గట్టిపడాలంటే కోళ్లకి జింకు అవసరమేనండీ, దాణాలో చిటికెడు. కానీ ఆ నేలలో సీసం కూడా ఉంది. అది తాగిన మొక్కని పెడితే, గుడ్డు తిన్న పిల్లల దాకా పోతుంది."

వరహాలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని మొక్కలవైపు తిరుగుతుంది. "నిజం చెప్పండి. సీసం తాగినవాళ్లెవరు?"

వెనక వరసలో కొన్ని సిగ్గుపడుతూ ఆకులెత్తుతాయి. తబస్సుమ్ ఒక్కొక్కదాని కాడకి చెవి ఆనించి విని, తలూపి, సంచిలోంచి గాజుసీసా తీస్తుంది. అవి వరసగా అందులోకి దిగి, లోపల్నుంచే మూత బిగించుకుంటాయి.

"బుద్ధిమంతులు," అంటుంది వరహాలమ్మ.

మిగిలినవి డాబా ఎక్కి బోర్లా పడుకుంటాయి. ఆమె కాఫీ తాగేలోగా ఎండి, గలగలా నవ్వుతూ పొడి అయిపోతాయి. ఆ పొడి చిటికెడు కలిపిన దాణాని కోళ్లు ఎగబడి తింటాయి.

మొదటి గుడ్డు గట్టిగా పడుతుంది. వేలితో కొడితే బిందెలా మోగుతుంది. రెండోది మరో స్వరంలో మోగుతుంది. షెడ్డంతా మేళంలా హోరెత్తుతుంటే వరహాలమ్మ తబస్సుమ్ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేస్తుంది.

"అయ్యో, కళ్లు తిరుగుతున్నాయండీ!"

"తిరగనివ్వండి!"

మధ్యాహ్నానికి, లోహం బరువు దిగిన ఎదుటి నేల తేలికపడి అంచులు మడుచుకుంటుంది. నెమ్మదిగా గుండ్రమై, నున్నగా, గోధుమరంగులో, రోడ్డు పక్కన నిలుస్తుంది. కోళ్లన్నీ వెళ్లి దానిమీదెక్కి రెక్కలు పరిచి పొదుగుతాయి.

లోపల్నుంచి టకటకమని చప్పుడు.

"పిల్ల పెద్దదే," అంటుంది తబస్సుమ్, చెవి ఆనించి.

పగులులోంచి తాటిచెట్టంత పచ్చటి ముక్కు బయటికొచ్చి తడిగా ఊపిరి పీలుస్తుంది. ఎండ మండిపోతోంది. వరహాలమ్మ కొంగు దోపుకుని, దానికి నీడ పట్టడానికి ఆకాశాన్ని ఒక కొసన పట్టి కిందికి లాగుతుంది. రెండో కొస తబస్సుమ్ అందుకుంటుంది.