సువార్తలో లేని మనిషి

ఆ ఏడు, ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యాక, కొండల్లోని హువమంగ ఊళ్లో ఓ పేట గుడి వెనక హాల్లో ప్రతి బుధవారం సాయంత్రం సినిమా వేసేవారు. ఆ ఏర్పాటు కుర్ర ఫాదర్ రొసెందోది. ఆయన అరెకీపా నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలోనే పూజ చివర నిలబడి చెప్పేశాడు.

"నా ప్రసంగానికి మీరెలాగూ నిద్రపోతున్నారు. సినిమాకైతే నిద్రపోరు. వారానికి ఒకళ్లు చొప్పున, మీకు దేవుణ్ణి గుర్తుచేసిన సినిమా ఏదో తీసుకురండి. చూసిన తరవాత అదెందుకు నచ్చిందో చెప్పండి. అంతకన్నా ఏం వద్దు."

జనం మొదట మొహమాటపడ్డారు గానీ, రుచి తెలిశాక ఆగలేదు. రొట్టెల గ్రిసెల్దా ఓ ముసలి సన్యాసి సినిమా తెచ్చింది. ఆయన లోకానికి దూరంగా దీపస్తంభం కాచుకుంటూ బతుకుతాడు. "ఆయనకి పిండి పిసకడం రాదు. అయినా రోజూ పిసుకుతాడు. అందుకే నాకిష్టం," అంది. పిల్లలకి మతపాఠాలు చెప్పే ఉపదేశి ఎలెఉతేరియో మూడు గంటల సినిమా తెచ్చాడు. అందులో వెయ్యిమంది సైనికులున్నారు, ఆకాశం నుంచి నిప్పు కురిసింది. సగం హాలు గురక పెట్టింది. ఉపదేశి ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు.

అయిదో బుధవారం దెల్ఫీనాది.

దెల్ఫీనా పని గుడిలోని స్వరూపాలకి, అంటే విగ్రహాలకి, బట్టలు కుట్టడం. పవిత్ర వారంలో ఊరేగే మరియమ్మలకీ, సిలువ మోసే క్రీస్తుకీ మఖమల్ మీద జరీ పని చేసేది ఆ పేటలో ఆవిడే. ఆ పని మేనత్త నేర్పింది. నలభై రెండేళ్ల మనిషి, ఒంటిగత్తె. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎవరు ఎదురైనా ముందు వాళ్ల అంచులూ కుట్లూ చూసి, ఆ తరవాత మొహం చూస్తుంది.

"నేను మన కొండ సినిమా తెచ్చాను," అంది.

హాల్లో నవ్వులు లేచాయి. కొండ సినిమా తెలియనివాళ్లు ఆ పేటలో ఎవరున్నారు? ఎప్పుడో, కొండల మీద ఇంకా దొరల రాజ్యం నడుస్తున్న రోజుల్లో, ఓ ఫాదర్ ఎక్కడినుంచో కెమెరా తెప్పించి, పేట జనానికి దుప్పట్లు చుట్టబెట్టి, ఊరికి ఎగువన క్రీస్తు శ్రమలన్నీ తీశాడు. నలభై నిమిషాలు. నలుపు తెలుపు. మాటల రీలు చెమ్మకి పాడైపోయింది కాబట్టి బొమ్మ ఒక్కటే కదులుతుంది. తీసిన ఫాదర్ పోయాడు. వేషాలు వేసినవాళ్లలో కొందరు పోయారు, మిగిలినవాళ్లు ఆ తరవాత కొండల్లో తుపాకులు పేలిన చెడ్డ ఏళ్లలో కోస్తాకి చెదిరిపోయారు. ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఆ సినిమా పడుతుంది. పిల్లలు సైనికుల నెత్తిమీది సత్తు గిన్నెలు చూసి నవ్వుతారు, పెద్దలు వాళ్లని గదమాయిస్తారు.

ఫాదర్ రొసెందో ఒక్కడికే అది కొత్త. కుర్చీ అంచున కూర్చుని చూశాడు. సిలువ మోసేవాడు రెండోసారి పడినప్పుడు, పక్కనుంచి ఓ పడుచు పరుగెత్తుకొచ్చి, సొరకాయ బుర్ర అతని నోటికి పెడుతుంది. చెయ్యి వణికి నీళ్లు గడ్డం మీదుగా కారతాయి. అతను ఏదో అంటాడు. ఆమె కదలదు. అతను తాగుతాడు.

సినిమా అయ్యాక ఫాదర్ అడిగాడు. "ఆ నీళ్లిచ్చిన ఆవిడ ఎవరు?"

"వెరోనికా," అన్నాడు ఉపదేశి తడుముకోకుండా.

"వెరోనికా గుడ్డతో మొహం తుడుస్తుంది కదండీ. ఆ సీను ముందే అయిపోయింది."

"అయితే సమరియ స్త్రీ."

"ఆవిడ బావి దగ్గర ఉండాలి. ఇక్కడికెలా వచ్చింది?"

"నడిచొచ్చింది," అంది వెనకనుంచి గ్రిసెల్దా. అందరూ నవ్వారు.

ఉపదేశి మొహం గంటు పెట్టుకున్నాడు. "యెరూషలేము స్త్రీలలో ఒకతె, పోనీండి. పాత ఫాదర్ పెద్ద చదువు చదివినవాడు. ఊరికే పెట్టడు."

"సువార్తలో లేనిది ఎందుకు పెట్టాడా అని," అని ఫాదర్ దెల్ఫీనా వైపు తిరిగాడు. "మీకీ సినిమా ఎందుకు నచ్చింది?"

"ఆవిడ కోసమే," అంది దెల్ఫీనా. "నాకు ఏడేళ్లప్పుడు మొదటిసారి చూశాను. ఆ చెయ్యి ఎందుకు వణుకుతుందా అని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఒక్కసారి మళ్లీ వెయ్యండి ఫాదర్."

ఫాదర్ మళ్లీ వేశాడు. మూడోసారి వేసినప్పుడు దెల్ఫీనా లేచి తెర దగ్గరికి వెళ్లింది.

"ఆపండి. ఇదిగో చూడండి. తతిమ్మా అందరికీ దుప్పట్లు చుట్టారు. ఈవిడ భుజాన ఉన్నది నేత శాలువా. అంచున మెట్లు మెట్లుగా నేత, మధ్యలో జంట పిట్టలు. శాలువా జారకుండా పెట్టే సూది ఎడమవైపు గుచ్చుకుంది. అలా గుచ్చుకునేది కొచపాత ఊరి ఆడవాళ్లే. ఇవి ఈవిడ సొంత బట్టలు. వేషం కాదు."

"నీకు క్రీస్తు కన్నా పక్కవాళ్ల బట్టల మీదే ధ్యాసమ్మాయ్," అన్నాడు ఉపదేశి.

"ఆయన బట్టలూ నేనే కుడుతున్నాగా ఉపదేశిగారూ. అవెలాగూ తెలుసు," అంది దెల్ఫీనా. ఆమె కళ్లు బొమ్మ మూలకి పోయాయి. అక్కడ ఓ మేక వెనక కాళ్లు కనిపిస్తున్నాయి. ముప్పై అయిదేళ్లుగా చూస్తున్న సినిమాలో ఆ మేకని ఆవిడ ఎన్నడూ చూడలేదు. సిలువ దారిలో మేకకేం పని?

ఆ ప్రశ్న రెండు రోజులు ఆవిణ్ణి కుట్టుపని చేసుకోనివ్వలేదు. మరియమ్మ పైటకి వేసిన ఒకే పువ్వుని రెండుసార్లు విప్పి కుట్టింది. శనివారం పొద్దున్నే సినిమాని ఫోన్లోకి ఎక్కించుకుని, గ్రిసెల్దా దగ్గర ఆ ఊరి గుండ్రటి చాప్ల రొట్టెలు డజను మూటగట్టించుకుని, కొచపాత వెళ్లే వ్యానెక్కింది.

మూడు గంటల దారి. ఊళ్లో కుళాయి దగ్గర బట్టలుతుకుతున్న ఆడవాళ్లకి ఫోన్లో బొమ్మ చూపించింది. ఇద్దరు తల అడ్డంగా ఊపారు. మూడో ఆమె చేతులు తుడుచుకుని ఫోను దగ్గరికి లాక్కుంది.

"ఈ ముక్కు మా అత్తదే. తెయోఫిలా. అయ్యో, ఎంత చిన్నదో!" అంది. ఆమె పేరు మరూహా, తెయోఫిలా కోడలు. బట్టలు అక్కడే వదిలేసి ఇంటికి దారి చూపించింది.

తెయోఫిలా వాకిట్లో ఎండకి కూర్చుని కదురు తిప్పుతోంది. ఎనభై దాటి ఉంటాయి. తలుపు మీద సిలువ లేదు. గోడకి వాక్యాలున్న క్యాలెండరు వేలాడుతోంది. ఆ ఊళ్లో సగంమందిలాగే ఆమె కూడా ఎప్పుడో, బొమ్మల్ని మొక్కని పాస్టరు గుడిలో కలిసిపోయింది.

దెల్ఫీనా రొట్టెల మూట ఇచ్చి, వచ్చిన పని చెప్పింది. ముసలామె కదురు ఆపలేదు.

"సినిమానా? మా పాస్టరు సినిమాలు వద్దంటాడు బిడ్డా. నువ్వేం పని చేస్తావు?"

"స్వరూపాలకి బట్టలు కుడతానవ్వా."

"బొమ్మలకా? ఏం, వాటికి చలేస్తోందా?"

"చలి వాటికి కాదవ్వా, నాకు. ఆ కుట్టుపనితోనే నా పొయ్యి వెలుగుతుంది."

తెయోఫిలా ఆవిణ్ణి ఎగాదిగా చూసి, పళ్లులేని నోటితో నవ్వింది. కోడల్ని పిలిచి వేయించిన మొక్కజొన్నలూ జున్నూ తెమ్మంది. ఆ తరవాత, "ఏదీ, కానీ. పాస్టరు కిందూరు పోయాడు," అంది.

దెల్ఫీనా ఫోను చేతికిచ్చింది. ముసలామె దాన్ని ముఖానికి దూరంగా పట్టుకుంది. పడుచు పరుగెత్తుకొచ్చింది. బుర్ర ఎత్తింది. చెయ్యి వణికింది.

"ఆ మేక నాదే," అంది తెయోఫిలా. "గుడ్డి మేక. దాని వెనకే పోయాను."

"అక్కడికి ఎలా వచ్చావవ్వా? వేషం వెయ్యమని ఫాదర్ పిలిచాడా?"

"ఎవరూ పిలవలేదు. మేకలు తోలుకుని మా అక్క దగ్గరికి హువమంగ పోతున్నా. మలుపు తిరిగేసరికి ఏముంది? పదిమంది మగాళ్లు ఒకణ్ణి కొడుతున్నారు. వాడి వీపు మీద ఇంత దుంగ, పచ్చి యూకలిప్టస్. మొహం నిండా నెత్తురు. సినిమా అంటే ఏంటో నాకు తెలుసా? దొర మనుషులనుకున్నా." ఫోను ఒళ్లో పెట్టింది. "మా నాన్ననీ అలాగే కొట్టారు బిడ్డా. ఆ రోజు మా అమ్మ తలుపు వెనక నిలబడింది. నేనూ నిలబడ్డా. బయటికి రాలేదు."

దెల్ఫీనా ఆవిడకి దగ్గరగా జరిగింది.

"అందుకని ఈసారి కాళ్లు వాటంతటవే ఉరికాయి. చస్తే చస్తాననుకున్నా. చెయ్యి అందుకే వణికింది. పక్కనున్నోడి చేతిలో బల్లెం ఉంది కదా. అది చెక్కదని నాకేం తెలుసు."

"ఇక్కడ ఆయన ఏదో అంటున్నాడవ్వా," అంది దెల్ఫీనా, బొమ్మ ఆపి. "ఇన్నేళ్లూ ఎవరికీ తెలియదు. ఏమన్నాడు?"

తెయోఫిలా చాలాసేపు నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"'చెల్లీ, ఇది ఆట. పో అవతలికి,' అన్నాడు. వాడి పేరు సాతుర్నీనో. రాళ్ల పని మేస్త్రి. మా అక్కావాళ్ల వీధే. గొంతు వినగానే గుర్తుపట్టా. నెత్తురు కూడా బీట్‌రూట్ రసమని అప్పుడు వాసనొచ్చింది."

"మరి నువ్వు పోలేదే?"

"పెదాలు చూశా. అవి నిజంగా పగిలి ఉన్నాయి. పొద్దున్నుంచీ వాడిచేత ఆ దుంగ మోయిస్తున్నారు. ఇప్పటికి నాలుగుసార్లు పడ్డానన్నాడు నీళ్లు తాగాక. అంతమందిలో ఒక్కడూ నీళ్లివ్వలేదు. ఆటో గీటో, ముందు తాగరా అన్నా."

"తరవాత?"

"తరవాతేముంది, అందరూ నవ్వారు. ఫాదర్ కూడా నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయా. మేకల్ని తోలుకుని పరుగు. మా ఆయనకి కూడా చెప్పలేదు ఈ సంగతి. ఆ వెర్రి పరుగు అందులో ఉండిపోయిందనీ, మీరంతా ఏడాదికోసారి చూస్తున్నారనీ..." ముసలామె తల ఊపింది.

అప్పుడే మరూహా గుమ్మంలోకి వచ్చి, పాస్టరు బండి ఊళ్లోకి వచ్చిందని మెల్లిగా చెప్పింది. తెయోఫిలా ఫోను తిరిగిచ్చేసి కదురు అందుకుంది.

"ఈ సంగతి మా హాల్లో చెప్పొచ్చా అవ్వా?"

"చెప్పు. ఇప్పుడింక సిగ్గెందుకు."

ఆ పై బుధవారం సినిమా వెయ్యకముందే దెల్ఫీనా లేచి నిలబడి, విన్నది విన్నట్టు చెప్పింది. మాటలు అలవాటు లేని మనిషి కాబట్టి రెండుచోట్ల తడబడింది. గుడ్డి మేక దగ్గర ఎవరో నవ్వారు. దొర మనుషుల దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. అక్కడున్న ముసలివాళ్లలో అలాంటి తలుపు వెనక నిలబడనివాళ్లు తక్కువ.

ముందుగా తేరుకున్నది ఉపదేశి. "అంటే అది పొరపాటున పడిన సీనన్నమాట."

"పొరపాటైతే పాత ఫాదర్ కత్తిరించేవాడుగా," అంది గ్రిసెల్దా. "ఉంచాడంటే చూసే ఉంచాడు."

"ఆవిడ ఇప్పుడు పాస్టరు గుడికి పోతోందంటున్నావు?"

"అవును ఉపదేశిగారూ."

"మన సిలువ దారిలో వాళ్ల మనిషా," అని గొణిగి ఆయన కూర్చున్నాడు. ఫాదర్ రొసెందో మాత్రం ఆ రోజు వేయాల్సిన సినిమా పక్కన పెట్టి కొండ సినిమాయే మళ్లీ వేశాడు. నీళ్ల సీను వచ్చినప్పుడు పిల్లలు కూడా గిన్నెల గురించి మాట్లాడలేదు. అందరూ సిలువ మోసేవాడి పెదాలవైపే చూశారు. 'చెల్లీ, ఇది ఆట' అని వెనక బెంచీలో ఎవరో ఆ పెదాలకి తగ్గట్టు మెల్లిగా అన్నారు.

ఇంటికి పోయే ముందు ఉపదేశి గుమ్మం దగ్గర దెల్ఫీనా కోసం ఆగాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి ఆ నీళ్లిచ్చినావిడ వెరోనికా అని చెబుతున్నాడాయన.

"పేరేంటన్నావమ్మా ఆవిడది?"

"తెయోఫిలా."

"తెయోఫిలా," అని ఒకసారి అనుకుని వెళ్లిపోయాడు. ఆ గుడ్ ఫ్రైడేకి పిల్లలు అడిగితే ఆయన ఆ పేరే చెప్పాడు. ఏ గుడి మనిషో చెప్పలేదు.

ఈస్టరు వెళ్లిన రెండు వారాలకి మరూహా దగ్గరనుంచి ఫోనొచ్చింది. "అక్కా, మా అత్త నిన్ను రమ్మంటోంది. ఫోను మరిచిపోకుండా తెమ్మంది. నాకు చెప్పదు, నీకే చెబుతుందట."

దెల్ఫీనా వెళ్లేసరికి తెయోఫిలా ఈసారి వాకిట్లో కాదు, లోపల కూర్చుని ఉంది. తలుపు దగ్గరగా వెయ్యమంది.

"మొన్న మధ్యలో ఆపేశాం. నేను మేకల్ని తోలుకుపోయాక వాణ్ణేం చేశారు?"

"నీకు తెలియనిదా అవ్వా? సువార్తలో..."

"సువార్తలోది నాకు కంఠతా వచ్చు. నేనడిగేది సాతుర్నీనో సంగతి."

ఇద్దరూ మంచం మీద భుజాలు ఆనించుకుని కూర్చుని చూశారు. సిలువ ఎత్తినప్పుడు ముసలామె దెల్ఫీనా మణికట్టు పట్టుకుంది. కిందికి దించినప్పుడు వదిలింది. ఆఖర్న గుహ నోటికి అడ్డం పెట్టిన రాయి దొర్లింది. సాతుర్నీనో తెల్ల దుప్పటి చుట్టుకుని బయటికొచ్చి, ఎండ కళ్లలో పడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాలు జారింది, నిలదొక్కుకున్నాడు. పునరుత్థానమైన క్రీస్తు నవ్వకూడదని ఎవరూ చెప్పలేదో ఏమో, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. అక్కడితో బొమ్మ తెల్లబారిపోయింది.

"ఎటు పోయాడు?" అంది తెయోఫిలా.

"సినిమా అంతే అవ్వా. అయిపోయింది."

"సినిమా అయిపోయింది, సరే. వాడు?"

"కోస్తాకి పోయాడని మా పేటలో అంటారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు."

"బతికుంటే తొంభై ఉంటాయి," అంది ముసలామె. "వాడి చిన్నచెల్లెల్ని కోస్తాలో ఈకా వైపు ఇచ్చారు."

దెల్ఫీనా సంచిలో వెతికి పెన్సిలు తీసింది. బట్టల కొలతలు రాసుకునే చిన్న పుస్తకంలో ఖాళీ పేజీ తిప్పింది.

"సాతుర్నీనో... ఇంటిపేరేంటవ్వా?"

తెయోఫిలా కళ్లు మూసుకుని, అక్కావాళ్ల వీధిని ఆ చివరనుంచి ఒక్కో ఇల్లూ గుర్తుచేసుకోవడం మొదలుపెట్టింది.