ఆరేదాకా మాట్లాడే కాగితాలు

గుణదలలో కొండ కింది వీధిలో ఉంటారు తెరేసమ్మ, దానమ్మ అక్కచెల్లెళ్లు. పొద్దున్నే టిఫిను గిన్నెలు కడిగేసి ఇద్దరూ డాబా మీదికెక్కుతారు. ముందురోజు నానేసిన చిత్తుకాగితాల్ని పాత మిక్సీలో గుజ్జు చేయడం దానమ్మ పని. కాగితం గట్టిగా రావడానికి చిరిగిన లుంగీనో, దిండు గలేబునో సన్నగా కత్తిరించి అందులో కలపడం తెరేసమ్మ పని. ఆ గుజ్జుని టబ్బు నీళ్లలో కలిపి, దోమల జాలీ కొట్టిన చెక్క చట్రాన్ని ముంచి లేపితే పల్చటి పొర నిలుస్తుంది. దాన్ని పాత దుప్పటి మీద బోర్లించి, నీరు అదిమేసి, తీగ మీద క్లిప్పులు పెడతారు. అవే తర్వాత కవర్లవుతాయి, చీర అంచులు కుట్టిన సంచులవుతాయి. మేరీమాత తిరునాళ్లకి వచ్చేవాళ్లు కొనుక్కెళతారు.

తీగ మీద ఆరేటప్పుడు ఆ కాగితాలు మాట్లాడతాయి. గుజ్జు కాకముందు తమ మీద ఏం రాసి ఉందో ఒక్కసారి వినిపించి, తడి ఆరగానే ఊరుకుంటాయి. లెక్కల నోట్సులు ఎక్కాలు వల్లిస్తాయి. పెళ్లికార్డులు చుట్టాల పేర్లు చదువుతాయి. పక్క డాబా మీద వడియాలు పెట్టుకునే రాజ్యలక్ష్మిగారికి ఆ గోల అలవాటే. ఎప్పుడైనా, ఇవాళ అన్నీ ఇంగ్లీషు కాగితాలే వేశారేంటండీ, ఒక్క ముక్కా అర్థం కావట్లేదు అని విసుక్కుంటుంది, అంతే.

తెరేసమ్మ మాత్రం ఒక కాగితాన్ని ఇరవై ఏడేళ్లుగా ఆ టబ్బు దాకా రానివ్వలేదు. బీరువాలో, చర్చికి కట్టుకునే చీరల అడుగున దాచింది. అది దానమ్మకి వచ్చిన ఉత్తరం.

అప్పుడు దానమ్మకి పందొమ్మిదేళ్లు. ఇంటర్ పాసై, ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి అప్లికేషన్ పెట్టుకుంది. అక్క ఇంట్లోనే ఉంటూ అక్క కొడుకు పాల్‌ని చూసుకునేది. తెరేసమ్మకి టీచరుగా కొత్త ఉద్యోగం. ఆమె భర్త సంజీవరావు లారీ మీద వెళితే పది రోజులకిగానీ వచ్చేవాడు కాదు. పోస్ట్‌మాన్ ఆ ఉత్తరాన్ని తెరేసమ్మ చేతికిచ్చాడు. రెండు రోజులాగి చెబుదామనుకుంది. ఈలోగా పిల్లాడికి తట్టు పోసింది. చెల్లెలు వెళ్లిపోతే వాణ్ణి ఎవరు చూస్తారని ఇంకో వారం ఆగింది. చేరాల్సిన తేదీ దాటిపోయింది. దాటాక చెప్పడం మరీ కష్టమైంది. దానమ్మ కొన్నాళ్లు ఎదురుచూసి, ఒక హాస్టల్లో వంటకి చేరింది. పెళ్లి ఊసెత్తలేదు. ఎప్పుడైనా ఆ మాట వస్తే, నా మార్కులకి సీటెవరిస్తార్లే అని నవ్వేసేది. ఆ నవ్వు తెరేసమ్మ గుండెలో ముల్లులా దిగేది.

సంజీవరావు మంచాన పడ్డప్పుడు రెండేళ్లూ చూసుకున్నది దానమ్మే. పోయేదాకా ఆయన వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు. అది చూసిందగ్గర్నుంచీ, హనుమాన్ జంక్షన్ దగ్గర వృద్ధాశ్రమం నడిపే అమలమ్మగారు దానమ్మని తమ దగ్గరికి రమ్మని అడుగుతూనే ఉంది. మొన్న మళ్లీ వచ్చింది.

"నేను అలాంటివాటికి పనికిరానండీ. ఆ రోజుల్లో సీటే ఇవ్వలేదు నాకు," అంది దానమ్మ.

పక్కన కాఫీ గ్లాసుతో నిలబడ్డ తెరేసమ్మ ఆ మాట విన్నది. ఆ పూట అన్నం దగ్గర చెప్పబోయింది. చెప్పలేక మజ్జిగ అడిగింది.

మర్నాడు ఉత్తరాన్ని తన చేతుల్తోనే చింపి, వేరే గిన్నెలో నానబెట్టింది. అందులో ఇంకే కాగితమూ కలపలేదు. అరచేతి వెడల్పున ఒక్క కాగితం వచ్చింది. దాన్ని తీగ చివర పెట్టి, పారిపోవాలనిపించినా పారిపోకుండా మెట్ల మీద కూర్చుంది.

దానమ్మ మిగతా కాగితాలు ఆరేస్తోంది. ఎండెక్కింది. కాగితం మాట్లాడింది.

"కుమారి దానమ్మకు. మీరు నర్సు శిక్షణకు ఎంపికైనారు. ఎంపికైన ఇరవై మందిలో మీది మూడవ స్థానము. జులై పదిహేనవ తేదీలోగా వచ్చి చేరగలరు."

దానమ్మ చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది. ఇంకోసారి చెబుతుందేమోనని కాగితానికి చెవి ఆనించింది. అది అప్పటికే ఆరిపోయింది.

"జులైలో నేనేం చేస్తున్నానక్కా?" అని అడిగింది.

"పాల్‌కి తట్టు పోసింది. నువ్వే చూశావు."

"తగ్గాక?"

"నువ్వు వెళ్లిపోతావని భయపడ్డానే," అంది తెరేసమ్మ.

దానమ్మ అరవలేదు, ఏడవలేదు. చేతిలో క్లిప్పుని తీగకి పెట్టి, "మూడో స్థానం," అంది. "ఇన్నేళ్లూ నాకు బుర్ర లేదనుకున్నానక్కా."

మిగిలిన కాగితాలు ముద్దయిపోతాయని అన్నిటికీ క్లిప్పులు పెట్టాకే కిందికి దిగింది. మధ్యాహ్నం అక్కకి ఎప్పటిలాగే మారు అన్నం వడ్డించింది. తిట్టినా బాగుండేదనిపించింది తెరేసమ్మకి.

సాయంత్రం దానమ్మ అమలమ్మగారికి ఫోన్ చేసింది. అప్లికేషన్ రాసి తెమ్మన్నారట. ఆ అరచేతి కాగితం మీదే రాసుకుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కింది.

నాలుగు నెలల తర్వాత తెరేసమ్మ చూడ్డానికి వెళ్లింది. పది నిమిషాల్లో వస్తాను, కూర్చో అక్కా అని చెప్పి దానమ్మ లోపలికెళ్లింది. తెరేసమ్మ వరండా బల్ల మీద గంటసేపు కూర్చుంది. తెరిచిన తలుపులోంచి కనబడుతూనే ఉంది. పక్షవాతం వచ్చిన ముసలావిడ చంకల కింద చేతులు పెట్టి, వీపుకి దిండు చేర్చి, ఏదో చెబుతూ నెమ్మదిగా లేవదీస్తోంది దానమ్మ. కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు పక్కన నిలబడి ఆమె చేతులు ఎక్కడ పెడుతోందో చూసి నేర్చుకుంటున్నారు. ఆ చేతులు అన్నేళ్లూ హాస్టల్లో గంజి వార్చాయి.

దానమ్మ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. "చూశావా అక్కా, ఆవిడ ఏడాది తర్వాత ఇవాళే లేచి కూర్చుంది."

"చూశాను," అంది తెరేసమ్మ. బల్ల మీద పక్కకి జరిగి చెల్లెలికి చోటిచ్చింది.